మంచె కింద మనిషి

ఓబులదాసు గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ప్రశ్న అడిగినా ఆయన మగ్గం ఆపేవారు కాదు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని, తొక్కుతూ, నాడె అటూ ఇటూ ఆడిస్తూనే వినేవారు. వచ్చిన ప్రశ్నల్లో సగం ఆ చప్పుడుకే చచ్చిపోయేవి. అడిగినవాడు కాసేపు కూర్చుని, తన ప్రశ్న తనకే చప్పగా తోచి, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాడు. మగ్గం ఆగిందంటే మాత్రం శిష్యులు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి సర్దుకుని కూర్చునేవారు.

వెంగన్న అడిగిన రోజున మగ్గం ఆగింది.

ఈ వెంగన్న శిష్యులందరిలోకీ మాటకారి. తత్వం పాడితే గొంతు, అర్థం చెబితే తర్కం, రెండూ బాగుండేవి. గుండ్లకమ్మకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో పేరు పాకింది. పాకిన పేరు ఊరకే ఉండదు కదా, కూర్చోవడానికి పీట వెతుక్కుంటుంది. ఆ ఏడు రెండు ఊళ్ళవాళ్ళు వచ్చి, మా ఊళ్ళో ఉండి మాకు దారి చూపించమని అడిగారు.

మిట్టపాలెం వాళ్ళది రాతి మఠం. ఎత్తయిన అరుగు, దాని మీద టేకు పీఠం. అక్కడి జనం బహు మంచివాళ్ళు. వెంగన్న నోరు తెరవకముందే తలలూపేవారు. తానా అంటే తందానా. అయితే వాళ్ళదొక కట్టుబాటు. ఆ పీఠం ఎక్కినవాడు బతికుండగా దిగి పోకూడదు. రెండోది వాగుపల్లె. అక్కడున్నది ఒక బోదపాక, ఒక చాప, చెన్నమ్మ అనే ముసలామె. వెంగన్న ఏం చెప్పినా ఆమె "అదెట్టా?" అనేది. కిందటిసారి వెళ్ళినప్పుడు జీవుడూ దేవుడూ ఒకటేనని మొదలుపెట్టాడు. మొదటి వాక్యం దగ్గరే "అదెట్టా నాయనా?" అంది. జవాబు తెమిలేసరికి వడ్డించిన అన్నం చల్లారింది. ఇంటికొచ్చాక కూడా వెంగన్న మొహంలో మంట తగ్గలేదు.

అందువల్ల అతను మిట్టపాలెం ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. గురువు దగ్గరికి వచ్చింది అడగడానికి కాదు, అవుననిపించుకోవడానికి. మిట్టపాలెం పెద్దలు గూడుబండి కట్టుకుని వచ్చి అప్పటికే బయట పంచలో కూర్చుని ఉన్నారు. ఈ పూట బండెక్కితే ఇక జన్మంతా అక్కడే. ఆ సంగతి వెంగన్నకు తెలుసు, గురువు గారికీ తెలుసు.

"అయ్యా, మనిషి ఎత్తున కూర్చుంటే మాట నాలుగూళ్ళకు వినపడుతుంది. ఎత్తయిన చోటు ఎంచుకోవడం తప్పంటారా?" అన్నాడు.

ఓబులదాసు గారు నాడె ఒళ్ళో పెట్టుకున్నారు. "తప్పేముంది? మా పెద్దమామ కూడా ఎత్తే చూశాడు," అని ఈ సంగతి చెప్పారు.

ఆయన మేనమామ గురవయ్యకు నల్లమల అంచున జొన్నచేను ఉండేది. కంకి పాలు పట్టే వేళకు అడవిపందులు దిగేవి. పంది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. ఒక్క మంద ఒక్కసారి పడితే ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడే గింజలు మట్టిలో కలిసేవి. అప్పట్లో చేను మీద పడ్డ పందిని కొడితే అడిగేవాడు లేడు. గురవయ్య దగ్గర మందు దట్టించి పేల్చే నాటు తుపాకి ఉండేది. ఏటా చేని గట్టున చెట్టు మీద మంచె కట్టుకుని కాపు కాసేవాడు. తోడుగా వెళ్ళేది ఆయన చెల్లెలి మొగుడు, అంటే ఓబులదాసు గారి తండ్రి.

ఆ తోడు పని చూడటానికి చిన్నదే. గురవయ్య మంచె ఎక్కాక నిచ్చెన తీసి దూరంగా పడెయ్యాలి. ఆ తర్వాత గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళిపోవాలి. మనుషులు పోయారని పంది నమ్మాలి గదా. తెల్లవారి వచ్చాక నిచ్చెన వెంటనే పెట్టకూడదు. చెట్టు చుట్టూ తిరగాలి, పొదల్లోకి రాళ్ళు విసరాలి, నెత్తురు చుక్క ఎటు పోయిందో చూడాలి. అదంతా అయ్యేవరకు పైవాడికి చెప్పే మాట ఒకటే, "ఆగు". కిందవాడు "దిగు" అనేవరకు పైవాడు దిగకూడదు. తుపాకి ఎవరిదైనా సరే, చేను ఎవరిదైనా సరే.

ఓబులదాసు గారి తండ్రికి ఈ పని మీద ఉన్న శ్రద్ధ మరీ ఎక్కువ. గురవయ్యకు కాళ్ళు తిమ్మిరెక్కి, ఒంటికి పోవలసిన అవసరం ముంచుకొచ్చి పైన గిలగిల్లాడుతుంటే, కింద ఈయన తాపీగా మూడో పొదలోకి రాయి విసిరి "ఆగు బావా" అనేవాడు. ఈ ముచ్చట ఊళ్ళో అందరికీ తెలుసు. రచ్చబండ దగ్గర గురవయ్య కనబడితే ఎవడో ఒకడు "ఆగు బావా" అని నవ్వేవాడు.

ఆ సంవత్సరం గురవయ్య మంచె పెద్దదిగా కట్టాలనుకున్నాడు. చెట్టు ఎంచడానికే ఎంతో తిరిగాడు. ఇప్పచెట్టు వద్దన్నాడు, పూలకు ఎలుగుబంటి వస్తుందని. తునికి వద్దన్నాడు, కొమ్మ చాలదని. చివరకు గట్టు మలుపులో ఉన్న నల్లమద్ది నచ్చింది. ఎవరూ మంచె కట్టనంత పైన, పంగలో కట్టించాడు. అంత ఎత్తయితే మనిషి వాసన పందికి తగలదు, చేను ఈ మూల నుంచి ఆ మూల దాకా కనపడుతుంది. ఆ మాట నిజమే. కణుపు కొమ్మలు మెట్లుగా వదిలేసి నరికిన ఒంటి వెదురు మీద ఎక్కే అలవాటు మాని, రెండు గట్టి వెదుళ్ళకు చండ్ర కర్ర మెట్లు కట్టించాడు. ఒక్కో మెట్టూ తనే తొక్కి చూసుకున్నాడు.

బావమరిది, అదే ఓబులదాసు గారి తండ్రి, వచ్చి చెట్టు చుట్టూ తిరిగాడు. చెట్టు మొదలు దగ్గరున్న రేగుపొద చూశాడు, పైకి చూశాడు. "చెట్టు మంచిదే బావా. ఆ పైనుంచి చేనంతా అవపడుద్ది. మొదలే అవపడదు," అన్నాడు.

గురవయ్యకు ఒళ్ళు మండింది. ఇంత పని చేస్తే ఒక్క మంచి మాట లేదు. నువ్వు రానక్కర్లేదని ముఖం మీదే చెప్పి, జీతగాడు తిరుపాలును తోడు పెట్టుకున్నాడు. తిరుపాలు నెమ్మదస్తుడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. ఎదురు మాట అతని వంశంలోనే లేదు.

పంది తెల్లవారుజాము మసకలో వచ్చింది. గురవయ్య పేల్చాడు, తగిలింది. అది అరిచి, జొన్నలో పడి, లేచి ఎటో పోయింది. వెలుతురు పరుచుకున్నాక తిరుపాలు వచ్చాడు. నెత్తురు చారలు చేను దాటి మద్దిచెట్టు మొదట్లోకే వచ్చి ఉన్నాయి. రేగుపొద ఒకసారి కదిలింది. తిరుపాలు దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

పైనుంచి గురవయ్యకు ఆకులే కనపడుతున్నాయి. "ఏందిరా చూస్తన్నావు? నిచ్చెన పెట్టు," అని కేకేశాడు.

తిరుపాలు నిచ్చెన పెట్టాడు. ఒక్క మెట్టు కూడా కదలకుండా గట్టిగా పట్టుకున్నాడు కూడా. గురవయ్య దిగి నేల మీద కాలు పెట్టేసరికి పొదలోంచి పంది వచ్చి తొడ చీల్చింది. తిరుపాలు ప్రాణానికి తెగించి కర్ర తీసుకుని దాని మీద పడ్డాడు. పంది నాలుగు అడుగులు పోయి కూలింది.

కబురు విని బావమరిది పరుగెత్తుకొచ్చాడు. అదే నిచ్చెనను నేల మీద పరిచి, దాని మీద గొంగడి వేసి, గురవయ్యను పడుకోబెట్టి ఇద్దరూ ఊళ్ళోకి మోశారు. దోవలో గురవయ్య, పొద కదలడం చూశావా అని తిరుపాలును అడిగాడు. చూశానన్నాడు. మరి చెప్పలేదేరా అన్నాడు.

తిరుపాలు ఏడుస్తున్నాడు. "తమరు నిచ్చెన పెట్టమంటిరి. ఆగమని తమరితో నేనెట్టా అంటానయ్యా?"

ఆ కాలు మళ్ళీ సరిగ్గా రాలేదు. గురవయ్య ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు, మంచె మాత్రం ఎక్కలేదు. రచ్చబండ దగ్గర "ఆగు బావా" అని నవ్వేవాళ్ళు కూడా మానేశారు. అది మానేయడమే ఆయనకు ఎక్కువ బాధగా ఉండేదట.

ఇంతవరకు చెప్పి ఓబులదాసు గారు నాడె చేతిలోకి తీసుకున్నారు.

వెంగన్నకు కోపం వచ్చింది. తను అడిగింది మఠం గురించి, ఈయన చెప్పింది పందుల గురించి. మిట్టపాలెం జనం జీతగాళ్ళు కారని, భక్తులని అన్నాడు. గురువు గారు అవునన్నట్టు తలూపి మగ్గం తొక్కడం మొదలుపెట్టారు. ఇక జవాబు రాదని వెంగన్న లేచి పంచలోకి వెళ్ళాడు.

మిట్టపాలెం పెద్ద తిమ్మారెడ్డి చప్పున లేచి చేతులు కట్టుకున్నాడు. బండి సిద్ధంగా ఉందన్నాడు. వెంగన్న ఒక కాలు మెట్టు దించి ఆగాడు. శ్రీశైలం దిక్కున ఆకాశం నల్లబడుతోంది. తొలకరి ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ మఠం పైకప్పు కోసం తిమ్మారెడ్డి రెండెకరాలు అమ్ముకున్నాడని వెంగన్నకు తెలుసు. ఎందుకన్నాడో, అప్పుడు ఇలా అన్నాడు.

"తిమ్మారెడ్డి గారూ, ఆ మఠం కప్పు నాకు నచ్చలేదు. తీయించేద్దామనుకుంటున్నా. రేపే."

తిమ్మారెడ్డి కట్టుకున్న చేతులు జారాయి. అంతలోనే వాటిని గట్టిగా జోడించాడు.

"చిత్తం స్వామీ. తెల్లారేసరికి మనుషుల్ని పెడతాం."

వెనకున్నవాళ్ళు కూడా చిత్తమన్నారు. ఒక్కడూ మబ్బు వైపు చూడలేదు. వెంగన్న బండి వైపు చూశాడు, దించిన కాలు వైపు చూసుకున్నాడు. వాగుపల్లెలోనైతే ఈపాటికి ఆ ముసలిది ఏమనేదో అతనికి చెవిలో అన్నట్టే వినపడింది.

లోపల మగ్గం ఆగింది.

"నిచ్చెన పెట్టారయ్యా వెంగన్నా," అన్నారు ఓబులదాసు గారు గుంటలోంచి. "పొద ఎవరు చూస్తారో అడుగు."