ఉప్పు తినని అతిథులు

అనగా అనగా, మనిషి మాటకి ఉప్పు సాక్ష్యం పలికే రోజుల్లో, సముద్రపు ఒడ్డున గవ్వలదిబ్బ అనే పల్లె ఒకటి ఉండేది. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క లేదు. ఆడవాళ్ళు ఉప్పుటేరు దాటి, అవతలి గట్టున ఇసుకలో తవ్విన చెలమ నుంచి బిందెలతో మంచినీళ్ళు మోసుకొచ్చేవారు. పోటు రాకముందే తిరిగి రావాలి. రాలేకపోయినవాళ్ళని ఏరు ఉంచుకునేది.

ఆ పల్లెకి పెద్ద అసిరమ్మ. ఆమె పెద్దకూతురు అలాగే ఏటిపాలైంది. ఇప్పుడు కోడలు పైడమ్మ కడుపుతో ఉండి కూడా అదే ఏరు దాటుతోంది. కొడుకు చేపల వేటకి పోతే వారాలపాటు రాడు, అసిరమ్మకేమో మోకాళ్ళు వంగవు. కోడలి బిందె కనిపించేదాకా గట్టు మీదే నిలబడి, గంగమ్మతల్లిని తిడుతూ మొక్కుతూ ఉండేది.

ఒకనాడు తెరచాప మీద శిలువ గుర్తున్న ఓడ వచ్చింది. మార్తమ్మ అనే దొరసాని, ఆమె వెంట కొందరు పడుచువాళ్ళు దిగారు. దూరదేశపు చర్చి ఒకటి వాళ్ళని సేవకి పంపిందట. వచ్చే ముందు వాళ్ళు దేవుడి ఎదుట ప్రమాణం చేశారు. ఎవరికీ బరువు కాకూడదు, చేసిన సేవకి బదులుగా మెతుకు కూడా ముట్టకూడదు. అందుకే తమ తిండి తామే డబ్బాల్లో తెచ్చుకున్నారు.

ప్రమాణం గొప్పదే. అయితే అది గవ్వలదిబ్బని చూడకుండా చేసిన ప్రమాణం.

ఎందుకంటే ఆ పల్లెకి ఒక ఆచారం ఉంది. సాయం చేసినవాడు ఆ ఇంటి ఉప్పుగంజి తాగి గాని గడప దాటకూడదు. ఉప్పు తిన్నవాడు తిన్నింటికి ద్రోహం చేయడు. మరి తిననివాడు? వాణ్ణి కట్టి ఉంచేది ఏముంది?

వెనకటికి ఒక వర్తకుడు అలాగే వచ్చాడు. నవ్వుతూ ఇంటింటికీ కొత్త వలలు పంచాడు. గంజి పోస్తే, "కడుపు నిండుగా ఉంది తల్లీ" అని దండం పెట్టాడు. మరుసటి ఏడు రాజభటులతో వచ్చి, వలలకి బదులు పడవలు పట్టుకుపోయాడు. ఆ నవ్వు అసిరమ్మ మరచిపోలేదు.

"ఊరికే ఒచ్చినోళ్ళు ఊరికే పోరు. కన్నేసి ఉంచండి," అంది ఊరితో.

మొదట దొరసాని బృందం, గాలివానకి లేచిపోయిన పైడమ్మ ఇంటికప్పు నేసింది. తాటాకు తిరగేసి కప్పితే పైడమ్మ నవ్వాపుకోలేక దగ్గరుండి సరిచేయించింది. పని అయ్యాక గంజి, చేపల పులుసు తెచ్చి పెట్టింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పులుసు వాసనకి ఒక పడుచువాడు గుటక కూడా వేశాడు. మార్తమ్మ మాత్రం చేతులు జోడించింది. "వద్దమ్మా. మేము ఇవ్వడానికే వచ్చాం."

అసిరమ్మ కళ్ళు చిన్నవయ్యాయి.

రెండోసారి, జ్వరంతో మూలుగుతున్న ఊళ్ళోని ఒక ముసలి తాతకి దొరసాని మందు ఇచ్చి, కూర్చోబెట్టింది. తాత లేచీ లేవగానే ఎండురొయ్యలు దోసిట పట్టుకుని వణుకుతూ వాళ్ళ గుడారానికి వెళ్ళాడు. దోసిలి దోసిలిగానే పట్టుకుని తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రం ఇంటి ముందు కూర్చుని, "పై ఊళ్ళో పెద్దకులపోళ్ళు మన సేతి కూడు ముట్టరు. ఈళ్ళూ అంతే కామోసు," అన్నాడు. జ్వరంలో కూడా అంత నీరసంగా మాట్లాడలేదు ఆయన.

ఆ మాట అసిరమ్మ గుండెలో ముల్లులా దిగింది.

మూడోసారి దొరసాని బృందం దిబ్బ నడుమ బావి తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. చివరికి నీరు పడింది. పైడమ్మ దోసిట పట్టి తాగి, "అత్తా, తియ్యగుందే!" అని అరిచింది. పిల్లలు గంతులేశారు. ఊరంతా కలిసి పెద్ద కుండలో గంజి కాచి తెచ్చింది.

వాళ్ళు మళ్ళీ చేతులు జోడించారు!

ఇక అసిరమ్మ ఊరుకోలేదు. "సూరు నేసేరు, ఉప్పు తిన్లేదు. మందిచ్చేరు, ఉప్పు తిన్లేదు. బాయి తవ్వేరు, అప్పుడూ తిన్లేదు. సిన్న కూలి ఒద్దన్నోడు పెద్ద కూలి మీద కన్నేసినోడే. ఇయ్యాళ నీళ్ళు, రేపు దిబ్బ, ఎల్లుండి బిడ్డలు!" అంటూ బావి మీద ముళ్ళకంపలు వేయించింది. "ఈ నీళ్ళు ముట్టినోళ్ళకి నాతో మాటల్లేవు."

తియ్యటి నీళ్ళు ముళ్ళ కింద ఉండిపోయాయి. పైడమ్మ మళ్ళీ ఏటికి బయలుదేరింది.

కొన్నాళ్ళకి పోటు తొందరపడింది. పైడమ్మ కాలు జారి, బిందె వదిలేసి, మెడలోతు నీళ్ళలో పెనుగులాడి ఎలాగో గట్టెక్కింది. అసిరమ్మ కోడల్ని ఒళ్ళో పొదువుకుని భోరున ఏడ్చింది. ఏడుపు కోపమైంది. కోపం కర్ర పట్టుకుని గుడారాల వైపు నడిచింది. వాళ్ళ కపటం ఏదో ఇవాళే తేల్చుకోవాలనుకుంది.

గుడారం చాటున నిలబడి తొంగి చూసింది. వాళ్ళంతా కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. మధ్యలో డబ్బాలు బోర్లా పడి ఉన్నాయి. ప్రార్థన అయ్యాక దొరసాని ఒకే ఒక రొట్టెముక్కని తుంచి అందరికీ పంచింది. తన వంతుకి పొడి మిగిలింది. వాళ్ళని దింపి వెళ్ళిన ఓడ మళ్ళీ తిండి తీసుకుని రావలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

అసిరమ్మ కర్ర కింద పెట్టకుండానే లోపలికి వెళ్ళింది.

"ఏటి దొరసానీ, ఆకలేస్తందా?"

మార్తమ్మ లేదనబోయింది. ఆ ముసలికళ్ళలోకి చూసి అబద్ధం ఆడలేకపోయింది. "వేస్తోందమ్మా. చాలా వేస్తోంది."

"పక్కనే ఊరుంది. అడగలేవా?"

"సిగ్గేసింది. ఇవ్వడానికి వచ్చినవాళ్ళం, అడిగితే చిన్నబోతామనుకున్నాం."

"మరి మా ఊరి ముసిలోడు దోసిట్లో తెచ్చినది తోసేసినప్పుడు, ఆడు సిన్నబోలేదా?"

దొరసాని కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ సంగతి ఆమెకి ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

అసిరమ్మ అంతటితో వదలలేదు. "నిజం సెప్పు. మీకు ఏటి కావాల? ఏటీ ఒద్దంటే మాత్రం నమ్మను."

"మా దేవుడి కథ మీకు చెప్పాలని ఉంది," అంది మార్తమ్మ నెమ్మదిగా. "మీరు నమ్మితే సంతోషిస్తాను. అది నా ఆశ, దాచను. నమ్మకపోయినా బావి మీదే."

అసిరమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. వర్తకుడు ఏమీ వద్దన్నాడు. ఈమె కావలసింది మొహం మీదే చెప్పింది.

"కత యింటాను. మా గంగమ్మ కత నువ్వూ యినాల. ముందు మా యింటికి నడు."

దొరసానినీ, ఆమె వెంట వచ్చిన పడుచువాళ్ళనీ తన ఇంటి గడపలో కూర్చోబెట్టి ఉప్పుగంజి పోసింది. దొరసాని ఒక్క క్షణం తన ప్రమాణాన్ని తలుచుకుంది. తరువాత గిన్నె రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది, ఆమెని చూసి పడుచువాళ్ళూ తాగారు. ఊరంతా గుమిగూడి చూస్తోంది. గిన్నె దించి, మార్తమ్మ సిగ్గుపడుతూ అడిగింది.

"ఇంకొంచెం పోస్తావా అమ్మా? ఆ ఎండురొయ్యలు కూడా."

ముసలి తాత ఎండురొయ్యల కోసం ఇంట్లోకి పరుగులాంటి నడక నడిచాడు. అసిరమ్మ పకపకా నవ్వి, కర్ర పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళి, ముళ్ళకంపలు తన చేత్తోనే లాగి పారేసింది. ముళ్ళు గుచ్చుకున్నా లెక్కచేయలేదు.

మర్నాడు పైడమ్మ ఏటికి పోలేదు. దిబ్బ నడుమ బిందె నింపుకుని, పురిటినొప్పులు వచ్చేదాకా ఆ నీళ్ళే తాగింది. దొరసాని మీద అసిరమ్మ కన్నేసి ఉంచడం మాత్రం మానలేదు. అయితే ఇప్పుడు చూసేది, ఆమె వేళకి తిన్నదా లేదా అని.

పుచ్చుకోవడం ఎరుగని చేయి ఎంత ఇచ్చినా, లోకం దాన్ని నమ్మదు.