నీలిచేప చోటు

మౌలాలి మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. సన్నాయి గురించి అడిగితే శిష్యుల్లో ఎవరిచేతనైనా ఊదించి చూపించేవారు. మనుషుల గురించి అడిగితే మాత్రం వినపడనట్టే ఉండి చేతిలో ఉన్న పనేదో చేసుకునేవారు. ఆ పని ముగిసేసరికి అడిగినవాడికి తన ప్రశ్న వేరే రూపంలో కనపడేది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. సైదులు కథ కూడా వాళ్ళు చెప్పగా విన్నదే.

ఒకరోజు పొద్దున సాధన అయ్యాక అందరూ లేచి వెళ్ళిపోయారు. సైదులు మాత్రం ఉండిపోయాడు.

"మాస్టారూ, పలకని సన్నాయిని ఇంట్లో ఎన్నాళ్ళు పెట్టుకుంటారు?" అని అడిగాడు.

అతను అడిగింది కాశింబీ గురించి. ఆ అమ్మాయి తండ్రి ఒకప్పుడు మాస్టారి పక్కన డోలు వాయించినవాడు. అతను పోయాక తల్లి పర్చూరు నుంచి తీసుకొచ్చి, చీరాల నుంచి వాడరేవు పోయే దారిలో ఉన్న మాస్టారింట్లో అప్పగించి వెళ్ళింది. వచ్చిన రోజున మాస్టారు ఆమెను ఏదైనా ఊదమన్నారు. ఆమె కళ్యాణి రాగం అందుకుంది. మాస్టారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసి విన్నారు. టీ చల్లారిపోయింది. అది సైదులు చూశాడు.

సైదులు చెడ్డవాడు కాదు. మాస్టారి భార్య పోయి, పిల్లలెవరూ లేక, ఇల్లు బోసిగా ఉన్న రోజుల్లో వచ్చిన మొదటి శిష్యుడు అతనే. వంట చేశాడు, మాస్టారికి జ్వరం వస్తే కాళ్ళు పట్టాడు, విద్య అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు గుళ్ళలో ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోతే ఇతను మిగిలాడు. పెళ్ళిళ్ళకు పిలుపు వస్తే మేళంలో ముందు కూర్చునేది అతనే. సాధన గదిలో కిటికీ పక్క చోటు అతనిదే. కొత్తవాళ్ళు తెలియక అక్కడ కూర్చుంటే, ఏమీ అనకుండా వాళ్ళు లేచేదాకా ఎదురుగా నిలబడేవాడు.

ఇంకొల్లులో ఒక పెళ్ళికి మాస్టారు కాశింబీని అతని పక్కన కూర్చోబెట్టి పంపారు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ వాయించాలి. సైదులు ఆలాపన పైస్థాయికి ఎక్కించి, అక్కడి నుంచి ఉన్నట్టుండి వేగం పెంచి, నడుమ వదిలేశాడు. ఆమె అందుకోబోయి తప్పిపోయింది. సన్నాయి కీచుమంది. పందిట్లో ఎవరో నవ్వారు. పెళ్ళికూతురి మేనమామ, "ఈ పిల్లకింకా నేర్పలేదా ఏం?" అని పైకే అన్నాడు.

ఆ తర్వాత కాశింబీ రోజూ సాధనకు వచ్చి కూర్చునేది, సన్నాయి పీక పెదవుల మీద పెట్టుకునేది. గాలి మాత్రం వదిలేది కాదు.

సైదులు ప్రశ్న విని మాస్టారు తలూపారు. "చేపలకు మేత వెయ్యి" అన్నారు.

ముందు గదిలో రెండున్నర అడుగుల అద్దాల తొట్టి ఒకటి ఉండేది. సన్నాయి వదిలేసి ఒంగోల్లో అక్వేరియం దుకాణం పెట్టుకున్న పాత శిష్యుడు సుభానీ, పళ్ళూడిపోయి పీక పట్టలేని గురువుగారికి పొద్దుపోతుందని తెచ్చి పెట్టిన తొట్టి అది. అందులో ఉప్పునీళ్ళు, పెద్దపెద్ద రాళ్ళు, వాటి మీద పువ్వుల్లా విచ్చుకునే పగడాలు. ఉన్న ప్రాణులు రెండే. మొదట వేసింది పసుపు తోక ఉన్న బొటనవేలంత నీలిచేప. తర్వాత వచ్చింది ఎర్రటి ఒంటి మీద తెల్లటి చార, పొడుగాటి తెల్ల మీసాలు ఉన్న రొయ్య. ఆ రొయ్య రాతి అంచున నిలబడి మీసాలు ఊపుతూ అటూ ఇటూ ఊగుతుంది. అది పిలుపు. నీలిచేప వచ్చి రెక్కలు విప్పి కదలకుండా నిలబడితే, దాని ఒంటి మీది మురికీ పురుగూ ఏరి తింటుంది. ఒక్కోసారి నోట్లో కాళ్ళు పెట్టి కూడా శుభ్రం చేస్తుంది.

ఆ రోజు సైదులు మేత వేద్దామని మూత తీస్తే రొయ్య అడుగున వెల్లకిలా పడి ఉంది. కళ్ళు, మీసాలు, కాళ్ళు అన్నీ ఉన్నాయి గానీ ఒళ్ళు గాజులా ఉంది.

"మాస్టారూ, రొయ్య చచ్చిపోయింది!"

మాస్టారు వచ్చి చూశారు. "అది పెంకు. రొయ్య ఎక్కడుందో వెతుకు."

చాలాసేపు వెతికాక వెనక రాతి సందులో కనపడింది. ముడుచుకుని, రంగు తగ్గి ఉంది. పెరగాలంటే రొయ్య పాత పెంకు విడవక తప్పదనీ, కొత్తది గట్టిపడేదాకా దాని ఒళ్ళు మెత్తగా ఉంటుందనీ, అందుకే తిండి మానేసి, పిలిచినా రాకుండా దాక్కుంటుందనీ మాస్టారు చెప్పారు. సైదులు పుల్లతో మేత అందించబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "దాన్ని బయటికి లాగకు. అదే వస్తుంది."

అంతలో నీలిచేప ఆ సందులోకి దూసుకుపోయింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. మీసం ఒకటి తెగి నీళ్ళలో తేలింది.

సైదులు అద్దం మీద అరచేత్తో కొట్టాడు. "దీనికి సిగ్గుందా మాస్టారూ! నిన్నటిదాకా దాని చేత ఒళ్ళు బాగుచేయించుకుంది. ఇవాళ అది మెత్తగా ఉందని మీద పడుతోంది. ఇది ఉన్నంతకాలం ఈ తొట్టిలో ఇంకోటి బతకదు. తీసి అవతల పారెయ్యండి."

మాస్టారు చిల్లుల ప్లాస్టిక్ బుట్ట ఒకటి తెచ్చి, రొయ్య ఉన్న సందుకు అడ్డంగా బోర్లించారు. "తీసేద్దాంలే. ముందు ఇందులోకి ఏ చేప పనికొస్తుందో చూద్దాం పద" అన్నారు.

ఇద్దరూ ఒంగోలు వెళ్ళారు. సుభానీ దుకాణంలో సైదులుకు ఒక ఎర్రచుక్కల చేప నచ్చింది. మిగతావన్నీ ఈదులాడుతుంటే అదొక్కటే రాతి మీద రెక్కలు ఆనించుకుని నిమ్మళంగా కూర్చుని ఉంది.

"ఇది మంచిది మాస్టారూ. ఎవరి జోలికీ పోవడం లేదు. ఎంత ఓపిగ్గా కూర్చుందో చూడండి."

"దేనికోసం కూర్చుందో?" అన్నారు మాస్టారు.

సుభానీ నవ్వి ఒక చిన్న రొయ్యపిల్లను ఆ తొట్టిలో వదిలాడు. చేప ఎప్పుడు కదిలిందో సైదులుకు తెలియలేదు. రొయ్యపిల్ల లేదు. చేప మళ్ళీ అదే రాతి మీద, అంతే నిమ్మళంగా ఉంది.

"చిన్న తొట్టికి చేపను ఏరేటప్పుడు రంగు ఆఖర్న చూడాలి అన్నా" అన్నాడు సుభానీ. "ముందు నోరెంతుందో చూడు. తర్వాత దానికెంత చోటు కావాలో చూడు."

చివరికి ఇసుకలో బొరియ చేసుకుని, తల మాత్రం బయటపెట్టి ఉండే చిన్న పసుపు చేపను తెచ్చుకున్నారు.

నీలిచేపను పట్టడం సైదులు అనుకున్నంత తేలిక కాలేదు. వల అటు పెడితే ఇటు, ఇటు పెడితే అటు. ఏ రాతికి ఏ సందుందో దానికి తెలుసు. రెండు రోజులు తంటాలు పడ్డాక, రాళ్ళన్నీ బయటికి తీస్తే తప్ప చిక్కదని తేలింది. మాస్టారు కాశింబీని కేకేశారు. అప్పటికి రొయ్య ఒళ్ళు గట్టిపడింది. దాన్ని బుట్టతో సహా ఒక మూలకు జరిపి, సైదులు ఒక్కొక్క రాయీ ఎత్తి అందిస్తుంటే ఆమె నీళ్ళ తొట్లలో పెట్టింది. ఆఖరి రాయి తీశాక ఖాళీ ఇసుక మీద నీలిచేప ఒక్కటే మిగిలింది. అప్పుడు వలలోకి అదే వచ్చినట్టు వచ్చింది.

దాన్ని ఉప్పునీళ్ళ బకెట్లో వేసి, గాలి మోటారు గొట్టం పెట్టారు. నీళ్ళలో పడగానే దాని నీలమంతా పోయి బూడిద రంగుకు తిరిగింది. బకెట్ గోడకు ఆనుకుని, అటూ ఇటూ పోవడానికి కూడా జంకుతూ వణుకుతోంది.

"పాపం, దాక్కోడానికి కూడా ఏమీ లేదు దానికి" అంది కాశింబీ. ఇన్నాళ్ళలో ఆమె సైదులు ముందు గొంతు విప్పింది అప్పుడే. పెరట్లోకి వెళ్ళి విరిగిన పైపు ముక్క ఒకటి వెతికి, కడిగి తెచ్చి, బకెట్లోకి మెల్లగా దించింది. నీలిచేప అందులో దూరింది.

"అది చేసిన పనికి నువ్వు దాన్ని..." అని సైదులు మొదలుపెట్టాడు.

"భయమేస్తోంది కదన్నా దానికి" అంది ఆమె, బకెట్లోకే చూస్తూ.

సైదులు తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

రాళ్ళు తిరిగి పెట్టేటప్పుడు మాస్టారు, "పాతచోట ఏదీ పెట్టకు" అన్నారు. ఎందుకని సైదులు అడగలేదు. ఎడమవైపువి కుడివైపుకు, కిందవి పైకి పేర్చాడు. బుట్ట తీసేశారు. విడిగా ఉంచిన పసుపు చేపను వదిలితే అది ఒక రాతి కింద బొరియ తవ్వుకుంది. రొయ్య కొత్త గుట్ట అంతా తిరిగి చూసుకుని, ఒక అంచు ఎంచుకుంది.

అవి కుదురుకున్నాయని తోచాక, ఒక మధ్యాహ్నం మాస్టారు బకెట్ వైపు చూపించి, "దాన్ని వదులు" అన్నారు.

"మళ్ళీ మీద పడుతుంది మాస్టారూ."

"చూద్దాం."

సైదులు వదిలాడు. నీలిచేప మొదట తన పాత సందు ఉండాల్సిన చోటికి పోయింది. అక్కడ ఇసుకే ఉంది. ఇంకోవైపు తిరిగింది. బొరియలోంచి పసుపు చేప తల బయటపెట్టి నోరు తెరిచి బెదిరించింది. నీలిచేప వెనక్కి తగ్గింది. కాసేపు అద్దం పక్కనే నిలబడి, తర్వాత ఎక్కడా తగలకుండా రాళ్ళ మధ్య నుంచి మెల్లగా, దారి అడుగుతున్నట్టు పోయింది. రొయ్య తన అంచు మీద నిలబడి ఒంటి మీసం ఊపింది. చేప దూరంగా ఆగింది. ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. ఆగి, రెక్కలు విప్పి నిలబడింది. రొయ్య దాని వీపు మీదికి ఎక్కింది.

సైదులు తొట్టి మీదికి వంగాడు. "చేప మారిందా మాస్టారూ?"

"చేప అదే" అన్నారు మాస్టారు. "రాళ్ళు మారాయి."

సాయంత్రం సైదులు సంచి సర్దుకుని వచ్చి, కొన్నాళ్ళు మా ఊరు పోయివస్తానన్నాడు. మాస్టారు ఎందుకనీ ఎన్నాళ్ళనీ అడగలేదు. "పోయిరా" అన్నారు.

ఊళ్ళో అతనిది అన్నగారి ఇల్లు. అతను ఒకప్పుడు పడుకున్న గది నిండా పొగాకు బేళ్ళు పేర్చి ఉన్నాయి. ఎక్కడ పడుకోవాలో వదినను అడిగి పడుకోవాల్సి వచ్చింది. అన్నం కూడా వాళ్ళు పిలిచినప్పుడే తినాలి. ఎవరూ అతన్ని తక్కువ చెయ్యలేదు. కానీ అతను ఎక్కడ కూర్చున్నా, అది ఎవరో రోజూ కూర్చునే చోటై ఉండేది. వాళ్ళు వచ్చి నవ్వుతూ, "ఉండులే, కూర్చో" అనేవాళ్ళు. ఆ మాట విన్న ప్రతిసారీ అతనికి తను కిటికీ పక్కన ఎవరెవరి ఎదురుగా నిలబడ్డాడో ఆ మొహాలు గుర్తొచ్చేవి. ఇంకొల్లు పందిరి కూడా గుర్తొచ్చేది. అందులో నవ్వినవాడి కన్నా ముందు, తను వదిలేసిన స్వరం కోసం గాల్లో వెతుక్కున్న అమ్మాయి మొహం.

శ్రావణంలో పెళ్ళిళ్ళ పిలుపులు మొదలయ్యేముందు తిరిగొచ్చాడు. సందు మలుపులోనే సన్నాయి వినపడింది. ఆలాపన పైస్థాయిలో ఉంది. అంత నింపాదిగా అక్కడ నిలవడం అతనికెప్పుడూ రాలేదు. చెప్పులు వదిలి గుమ్మంలో ఆగిపోయాడు.

కిటికీ పక్కన కాశింబీ ఉంది. అతన్ని చూడగానే ఊదడం ఆపి గబుక్కున లేవబోయింది. "రా అన్నా, ఇక్కడ కూర్చో."

"లేవకు" అన్నాడు సైదులు. సంచి కింద పెట్టి మళ్ళీ అన్నాడు, "ఆ రోజు పందిట్లో నేను కావాలనే వదిలేశానమ్మా."

"తెలుసన్నా" అంది కాశింబీ.

ఆమె సన్నాయి మళ్ళీ నోటికి అందుకుంది. సైదులు గుమ్మం పక్కనే, గోడకు ఆనకుండా కూర్చున్నాడు.

మాస్టారు లేచి శ్రుతి పెట్టె స్విచ్చి ఆపేశారు. సన్నాయిలు దాచే పెట్టెలోంచి ఒక పొడుగాటి ఒత్తు సన్నాయి తీసి దుమ్ము తుడిచి, సైదులు చేతికిచ్చారు. దాని మీద పాట పలకదు. పక్కవాళ్ళు రాగం వాయిస్తున్నంతసేపూ గుక్క తెగకుండా ఒకే స్వరం పట్టి ఉండాలి. మామూలుగా మేళంలో చేరినవాడికి మొదట ఇచ్చే పని అదే. సైదులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నేనెప్పుడూ పట్టలేదు మాస్టారూ."

"నువ్వు వచ్చినప్పుడు నీ పక్కన ఎవరున్నారు గనక" అన్నారు మాస్టారు. "ఊదు."