గవ్వ దిగిపోయిన చోటు

విశాఖ రేవులో సరంగు అనే కాకి ఒకటుండేది. ఓడ కళాసీల పెద్దని పిలిచే ఆ పేరు తనకు తాను పెట్టుకున్నదే. ఒకసారి రంగూన్ వెళ్ళే ఓడలో బియ్యం బస్తాల గదిలోకి దూరితే, ఎవరో తలుపు మూసేశారు. చీకట్లో బియ్యం తింది, పడుకుంది, లేచి మళ్ళీ తింది. తలుపు తీసేసరికి రంగూన్ వచ్చేసింది. తిరుగు ప్రయాణమూ అలాగే సాగింది. దారిలో సముద్రాన్ని ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. గొప్పలకు మాత్రం అడ్డూ అదుపూ లేదు.

రేవు పక్క బురదనేలలో చలికాలం గడిపే ఉల్లంకి పిట్టలు, ఏటా ఎండలు ముదరగానే ఒడ్డు వెంట మజిలీలు చేసుకుంటూ ఉత్తరానికి పోయేవి. ఆ ఏడు వాటి మజిలీ నేలలన్నిటినీ మనుషులు మట్టిపోసి పూడ్చేశారు. ఇక సముద్రం మీదుగా నేరుగా రంగూన్ పోవడమే దారి. ఉల్లంకులు దూరాన్ని కొవ్వుతో కొలుస్తాయి. ఒక పగలు ఎగరాలంటే ఇంత, రెండు పగళ్ళకైతే ఇంత అని పెద్దలు ఒక్కొక్కరి రొమ్మునూ ముక్కుతో నొక్కి చూసి పంపుతారు. ఎంత దూరమో తెలిస్తేనే ఎంత తినాలో తెలిసేది.

గుంపుకి పెద్ద ఇసకమ్మ. దాని కూతురు గవ్వ అందరికన్నా చిన్నది, ఒంట్లో ఇంకా కండ పట్టలేదు. ఆ దిగులుతోనే ఇసకమ్మ సరంగు దగ్గరికి వచ్చింది.

"అన్నా, రంగూన్ ఎల్లొచ్చినోడివి నువ్వొక్కడివే. ఎంతసేపు ఎగరాల?"

పిట్టలన్నీ కాకి వైపే చూస్తున్నాయి. తెలీదని చెప్పడానికి సరంగుకి నోరు రాలేదు.

"ఎంతసేపమ్మా? పొద్దున్నే బయలెల్తే దీపాలెట్టే ఏలకి దిగిపోతారు."

"నా పిల్ల పలచగుంది. ఇంకో పది రోజులు మేపుకుని ఎల్లమంటావా?"

"ఆ మాత్రం దూరానికి పది రోజులెందుకు? నేను ఎల్లొచ్చాను కదా."

ఇసకమ్మ గవ్వ రొమ్ము నొక్కి చూసింది. ఒక పగటికి సరిపోతుంది. మర్నాడు తెల్లవారగానే గుంపు లేచింది.

దీపాల వేళ అయింది. నేల జాడ లేదు. వచ్చేసిందా అమ్మా అని గవ్వ అడిగింది. ఇదిగో వచ్చేసిందంది తల్లి. కాసేపటికి మళ్ళీ అడిగింది. మూడోసారి అడగలేదు. దాని రెక్కలు ఆగిపోయి నీళ్ళలో పడిపోయింది. ఇసకమ్మ అక్కడక్కడే ఎంత తిరిగినా ఆ చిన్న ఒళ్ళు మళ్ళీ కనిపించలేదు. ఒంట్లో పాత కొవ్వున్న పెద్ద పిట్టలు మర్నాడు మధ్యాహ్నానికి ఎముకలు తేలి ఒడ్డు చేరాయి.

చలికాలానికి ఇసకమ్మ తిరిగి వచ్చింది. సరంగు ఎదురొచ్చి, పిల్లేదమ్మా అని అడిగింది.

"నువ్వు సెప్పిన ఏలకే దిగిపోయిందన్నా," అంది ఇసకమ్మ. "ఒడ్డే ఇంకా రాలేదు."

సరంగు ఇక దాచలేకపోయింది. "నేను సముద్రం సూడలేదమ్మా. బస్తాల మధ్య పడుకున్నాను."

"ఆ మాట ఆ రోజే సెప్పుంటే, నా పిల్లని ఇంకో పది రోజులు మేపుకునేదాన్ని."

తెలియదన్న ఒక్క మాట మనం దాచుకుంటే, ఆ దూరాన్ని ఇంకొకరి బిడ్డ ప్రాణం పెట్టి కొలవాల్సి వస్తుంది.