పక్క పట్టాలు పీకిన గట్టయ్య

ఇప్పమాను అడవిలో కుందేళ్లు, ఉడుతలు, ఏదుపందులు, దుప్పులు ఉండేవి. వాటన్నిటికంటే బలమైనవాడు గట్టయ్య అనే అడవిదున్న.

ఎప్పుడో కలప కోసం వచ్చిన మనుషులు ఆ అడవిలో రైలు పట్టాలు వేశారు. పోతూ పోతూ ఆరు పెట్టెలు వదిలేసి, ఇంజను మాత్రం పట్టుకుపోయారు. "ఇంజను లేకపోతేనేం, నేను లేనూ!" అంటూ గట్టయ్య మెడకు గొలుసు తగిలించుకున్నాడు. అలా అడవికి గూడ్సు బండి వచ్చింది. పోలమ్మ అనే కొంగ దానికి గార్డు. చివరి పెట్టె మీద ఒంటికాలితో నిలబడి జెండా ఊపేది.

దారిలో ఐదు మజిలీలు. ప్రతిచోటా అసలు దారి పక్కన ఇంకో జత పట్టాలుండేవి. పొద్దున్నే గట్టయ్య ఒక ఖాళీ పెట్టెను అక్కడ వదిలేసి ముందుకు పోయేవాడు. చిన్న జీవులు కదా, గంపెడు గంపెడు మోసి నింపడానికి వాటికి రోజంతా పట్టేది. సాయంత్రం తిరుగు దారిలో పెట్టెలన్నీ తగిలించుకుని సంతకు లాక్కుపోయేవాడు. కుందేళ్ల దుంపలు, ఉడుతల ఉసిరికాయలు, ఏదుపందుల పుట్టగొడుగులు అన్నీ తాజాగా చేరేవి. బదులుగా వాళ్లు గట్టయ్యకు ఇంటికో మోపు గడ్డి ఇచ్చేవారు. ఆ బండే గట్టయ్య బతుకు.

ఒకరోజు ఉప్పుకొండ నుంచి ఎలుగు పెద్దయ్య వచ్చాడు. "గట్టయ్యా, మా ఉప్పు సంతకు చేర్చే పనంతా నీకే! రోజూ ఆరు పెట్టెలూ నిండుతాయి. కాకపోతే కొండ దాకా పట్టాలు లేవే!"

"అదెంత పని!" అన్నాడు గట్టయ్య. కొండ దాకా వేయడానికి మజిలీల దగ్గరున్న పక్క పట్టాలు పీకడం మొదలుపెట్టాడు.

"అయ్యో, అవి పీకకయ్యా! చిన్నవాళ్లు సరుకు ఎక్కడ ఎక్కించుకుంటారు?" అని పోలమ్మ అడ్డం పడింది.

"గుప్పెడు ఉసిరికాయల కోసం నేను ఆగాలా? చిల్లర బేరాలు నాకొద్దు. ఇష్టముంటే ఉండు, లేకపోతే పో!"

పోలమ్మ జెండా మడిచి అక్కడ పెట్టేసి వెళ్లిపోయింది. దుప్పులను కూడగట్టి, వాటి వీపుల మీద గంపలు కట్టించి, చిన్నవాళ్ల సరుకు సంతకు చేర్చడం మొదలుపెట్టింది.

అబ్బో, గట్టయ్య దర్జా ఇక చూడాలి! మెడలో ఇత్తడి గంట, కొమ్ములకు పూలదండలు. కుందేళ్లు పలకరిస్తే తల కూడా తిప్పేవాడు కాదు. రెండేళ్లు అలాగే సాగింది.

మూడో ఏడు ఎలుగు పెద్దయ్య చేతులెత్తేశాడు. "ఉప్పు అయిపోయింది గట్టయ్యా. ఇక రావద్దు."

 గట్టయ్య పరుగున కుందేళ్ల దగ్గరికి వెళ్లాడు. పాపం, అవి కాదనలేదు. కానీ పెట్టెను వదిలి వెళ్లే చోటు లేదే! కుందేళ్లు నింపేదాకా బండి మొత్తం రోజంతా నిలబడింది. తర్వాతి మజిలీలో ఇంకో రోజు. ఐదు రోజులకు సంత చేరేసరికి దుంపలు మెత్తబడ్డాయి, పుట్టగొడుగులు కుళ్లిపోయాయి. రెండోసారి ఎవరూ సరుకు ఇవ్వలేదు.

"ఆ పక్క పట్టాలు మళ్లీ తెచ్చి వేస్తాను!" అని గట్టయ్య ఉప్పుకొండకు వెళ్లాడు. రెండేళ్ల పాటు ఉప్పు రాలీ రాలీ ఆ ఇనుమంతా తుప్పు పట్టింది. కాలితో తాకగానే పెళుసుగా విరిగిపోయింది. గట్టయ్య అక్కడే కూలబడి భోరున ఏడ్చాడు.

చివరికి సిగ్గు విడిచి పోలమ్మ దగ్గరికి వెళ్లాడు. "నాలో ఇంకా బలముంది పోలమ్మా. ఆరు పెట్టెలు లాగగలను. అయినా నా బండి ఎందుకు ఆగిపోయింది?"

పోలమ్మ కళ్లు చెమర్చాయి. "లాగలేక కాదయ్యా నీ బండి ఆగిపోయింది. ఆగే చోటు లేక ఆగిపోయింది."

 గట్టయ్య దుప్పుల వరసలో అందరికంటే వెనక నిలబడి, వీపు వంచాడు. ఒక కుందేలు వచ్చి దాని మీద గంపెడు దుంపలు పెట్టింది.

నీతి: పెద్ద బేరం దొరికిందని, మనల్ని నిలబెట్టిన చిన్నవాళ్లకు దారి మూసేయకూడదు.