ముందు మీరెక్కండి

పొద్దు వాలింది. సన్నగా తుంపర పడుతోంది. ముగ్గురు పిల్లల్నీ బండెక్కించబోయి నూకాలు ఆగిపోయింది. చక్రం బాగుచేయమని పొద్దున ఆస్థాన వడ్రంగి సోమలింగానికి అప్పగించిన బండి అది. ఇప్పుడు ఇరుసు నిలువునా పగిలి ఉంది.

"నువ్వు తెచ్చినప్పుడే పగిలుంది. నాకేం సంబంధం?" అన్నాడు సోమలింగం, తలపాగా సర్దుకుంటూ. "అలాగే వచ్చావు, అలాగే పో."

అక్కడే కొత్త బండి చూసుకుంటున్న గ్రామాధికారి నిజమేనన్నట్టు తలూపాడు.

"సరే బాబూ," అంది నూకాలు. "పగిలిన ఇరుసుతోనే నా పిల్లలు వాగు దాటొచ్చారన్నమాట. అయితే భయం లేదు. బాగుచేసినవారే ముందు ఎక్కి వాగు దాకా తోలడం మన ఆచారం కదా. మీ పిల్లల్నీ ఎక్కించుకోండి. మేం వెనకే నడిచొస్తాం."

సోమలింగం బండి మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఎక్కవేమయ్యా?" అన్నాడు అధికారి.

"దారిలో విరిగిపోదూ!"

"మరి పొద్దున ఆవిడకెలా విరగలేదు?"

దీపాల వేళకి సోమలింగమే బండికి కొత్త ఇరుసు వేశాడు. ఇంటి ముందు దిగాక నూకాలు చీకట్లో ఒక్కొక్కరినీ తడిమి లెక్కపెట్టుకుంది. పెద్దది, నడిపివాడు, చంటిది, ఎద్దులు రెండూ. ఆఖర్న తననీ కలుపుకుంది.