మడమలోని కావలివాళ్ళు

అనగనగా మణికందరం అనే రాజ్యం. దానికో రాజు. ఆ రాజుకి కోపం ముక్కు మీదే ఉండేది. కూతురు కువలయవల్లికి అంతకంటే ఎక్కువ. కోపం వస్తే ఆమె బుగ్గలు దానిమ్మపూలయ్యేవి. చూసినవాళ్ళకి భయమూ వేసేది, చూపు తిప్పుకోవాలనీ అనిపించేది కాదు.

కరాళజిహ్వుడనే మాంత్రికుడు ఆమెను పెళ్ళాడతానని వచ్చాడు. నీ నోటి కంపుకి నా తోటలో మల్లెలే మాడిపోతున్నాయి, నేనెంత, పొమ్మంది. వాడు పళ్ళు కొరుక్కుంటూ పోయాడు. పోతూ పోతూ తోట దారిలో ఒక ముల్లు విసిరేసి పోయాడు. మర్నాడది ఆమె మడమలో దిగింది. మడమ వాచింది, చీము పట్టింది, ఒళ్ళు కుంపటిలా కాలిపోయింది.

అప్పుడు అదే మాంత్రికుడు తెల్లగడ్డం అంటించుకుని వైద్యుడి వేషంలో దిగాడు. ఏడు సముద్రాల నీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తేవాలన్నాడు. వాటిని మరగబెట్టి, చిక్కటి ఉప్పునీరు చేసి, మూడు పూటలా కాలు అందులో ముంచాలన్నాడు. ఏడో సముద్రం నీళ్ళు పడ్డాక ఇక రోగమే ఉండదన్నాడు. నిజమే, రోగి మిగిలితే కదా.

నీళ్ళు తేవడానికి పక్క రాజ్యపు రాకుమారులు ముగ్గురు బయల్దేరారు. పెద్దవాడు రెండు సముద్రాల నీళ్ళు తెచ్చి, నడుం పట్టేసిందని పడుకున్నాడు. రెండోవాడు ఇంకో రెండు తెచ్చి, వాడూ పడుకున్నాడు. మూడోవాడు వసంతమల్లు. కిటికీలో కువలయవల్లిని ఒక్కసారి చూసి అన్నం సహించకుండా పోయిన మనిషి. ఆమె నొప్పితో అరుస్తుంటే వాడికి అన్నల మీద కోపం, ముల్లు మీద కోపం, ఏ పాపమూ ఎరగని సముద్రం మీద కూడా కోపం. తిట్టుకుంటూనే ఐదో సముద్రం మోశాడు, ఆరోదీ మోశాడు. కాలు మాత్రం సముద్రం సముద్రానికీ ఇంకాస్త నల్లబడింది.

ఏడో సముద్రంలో నీళ్ళు నింపుకుంటుంటే ఒక దీవి, దీవిలో పంజరం, పంజరంలో చిలుక కనపడ్డాయి. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంటుందని లోకమంతా చెప్పుకునేదే. వసంతమల్లు ఒక్క ఉరుకున పోయి దాని మెడ పట్టుకున్నాడు.

"వదులు నాయనా," అంది చిలుక, విసుగ్గా. "వచ్చిన ప్రతి రాకుమారుడికీ నా మెడే దొరికిందా? వాడి ప్రాణం ఇప్పుడు నాలో లేదు. పొడిపొడి చేసి, ముల్లుతో పాటు ఆ పిల్ల మడమలో చల్లాడు. మీ వైద్యుడెవరనుకున్నావు? వాడే."

వసంతమల్లు దాని మెడ మీంచి చెయ్యి తీశాడు. పంజరం తలుపు విరగ్గొట్టి చిలుకను వదిలేశాడు. అది వెళ్తూ ఒక ఈక రాల్చింది. దాన్ని నోట్లో పెట్టుకుంటే ఆవగింజలో వెయ్యోవంతు అవుతావు, ఉమ్మేస్తే మళ్ళీ మామూలే, మడమలోకి వెళ్ళి అక్కడెవరున్నారో చూసి రమ్మంది.

ఓడ ఒడ్డు చేరగానే సేవకులు నీళ్ళ కాగులు దించి మరగబెట్టడానికి పట్టుకుపోయారు. వసంతమల్లు తిన్నగా రాకుమారి గదికి పరుగెత్తి, ఈక నోట్లో పెట్టుకుని, పుండులోకి దిగాడు.

లోపల మాంత్రికుడి ప్రాణం రేణువులు రేణువులుగా దొర్లుతోంది. ఒక్కో రేణువూ ఒక జిడ్డు తోలుసంచి. ఒక్కో సంచీకీ వాడి నవ్వే. వసంతమల్లు కత్తి దూశాడు. కత్తి జారిపోయింది. మళ్ళీ పొడిచాడు, జారిపోయింది. మూడోసారి వాడే జారిపడ్డాడు.

పడ్డచోట, చర్మం గోడ పక్కన, నూలుపోగుల్లాంటి చిన్న చిన్న మనుషులు కుప్పలుగా పడి ఉన్నారు. మెలితిరిగి, ఒంటికి మూడేసి ముడులు వేసుకుని ఉన్నారు. ఒళ్ళంతా ఉప్పు. వాళ్ళలో పెద్దాయన కళ్ళెర్రజేసి లేచాడు.

"కత్తి తెచ్చావా? నీ కత్తెవడిక్కావాలి? రాకుమారి పుట్టకముందు నుంచీ ఈ చర్మానికి కావలి మేము. శత్రువు తోలే మమ్మల్ని దగ్గరికి లాగుతుంది. గుంపుగా అతుక్కుని చిల్లు పొడుస్తాం, వాడు లోపలున్నదంతా కారిపోయి చస్తాడు. ఇప్పుడు మధ్యలో ఈ ఉప్పు అడ్డొచ్చింది. చేతులు ఆనడం లేదు. ఈ నీళ్ళు మోసుకొచ్చిన వెధవ ఎవడో ఒక్కసారి చూపించు, చాలు."

వసంతమల్లు తలెత్తలేదు. "నేనే తాతా."

పెద్దాయన వాణ్ణి ఒక్క తోపు తోశాడు. ఏడుపు తర్వాత ఏడుద్దువు, ముందు పోయి ఆ ఉప్పు ఆపమన్నాడు.

వసంతమల్లు బయటపడి ఈక ఉమ్మేసేసరికి గంగాళం వచ్చేసింది, రాజూ వచ్చాడు, వైద్యుడూ వచ్చాడు. కాలు ముంచొద్దని వసంతమల్లు అడ్డం నిలబడి, మడమలో ఉన్న కావలివాళ్ళ సంగతి చెప్పాడు. గదిలో అందరూ నవ్వారు. సముద్రపు గాలికి కుర్రాడికి మతి చలించిందన్నాడు వైద్యుడు. నీళ్ళు తెచ్చినవాడివే పోయొద్దంటావా అని రాజు కత్తి తీశాడు.

అప్పుడు మంచం మీంచి కువలయవల్లి లేచి కూర్చుంది. బుగ్గలు దానిమ్మపూలు.

"నాన్నగారూ, ఆరు సముద్రాలు పోశారు. ఎలా ఉందమ్మా అని ఒక్కసారైనా నన్నడిగారా? మంట పెరుగుతోందంటే మందు పనిచేస్తోందన్నారు. అరిస్తే ఓర్చుకోమన్నారు. ఇది నా కాలు."

అంటూనే ఆ నల్లబడ్డ కాలితోనే గంగాళాన్ని ఒక్క తన్ను తన్నింది. నీళ్ళు పోయి వైద్యుడి మొహాన పడ్డాయి. గడ్డం ఊడి కింద పడి, కరాళజిహ్వుడి మొహం బయటపడింది. ఆమె అటు చూడనైనా చూడలేదు. మంచి బావినీళ్ళు తెప్పించుకుని తన కాలు తానే కడుక్కుంది, ఉప్పంతా పోయేదాకా కడుక్కుంది.

లోపల కావలివాళ్ళ చేతులు ఆనాయి. ఒక రేణువుకి చిల్లు పడింది, మాంత్రికుడి భుజం కుంగింది. ఇంకోదానికి పడింది, పొట్ట కుంగింది. ఆపైన లెక్కే లేదు. వాడు నిలుచున్నవాడు నిలుచున్నట్టే ఓటి తోలుతిత్తిలా కారి, కారి, నేలమీద చదునైపోయాడు. రాజు కత్తెత్తుకుని వచ్చేసరికి పొడవడానికి ఏమీ మిగల్లేదు.

కాలు మానింది. కువలయవల్లి లేచి నడిచింది. రాజు ముహూర్తం పెట్టించబోతే ఆగమంది. అందరి ముందూ వసంతమల్లుని నిలబెట్టి, రెండు సముద్రాల ఉప్పు నా పుండు మీద పోయించావు, నీ మీద నాకు కోపంగా ఉందంది. ఉండాల్సిందేనన్నాడు వాడు.

"ఎన్నాళ్ళు పడతావు నా కోపం?"

"బతికున్నన్నాళ్ళు, రాకుమారీ."

ఆమె బుగ్గలు మళ్ళీ దానిమ్మపూలయ్యాయి. ఈసారి ఎందుకో వాడికి భయం వేయలేదు. పెళ్ళి జరిగింది. వాళ్ళు పోట్లాడుకుంటూ, అలుగుతూ, నవ్వుకుంటూ చాలా ఏళ్ళు రాజ్యమేలారు. ఆ రాజ్యంలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా, మందు ఇచ్చేముందు రాణిగారు వాళ్ళ పక్కన కూర్చుని, ఎలా ఉందని అడిగేవారు.