ఆదిశేషయ్యగారి పేజీ

"పుస్తకం మొత్తం చేతిలో పెట్టాక పేజీ కూడా మనమే తెరిచిపెట్టాలా మాస్టారూ? వెతుక్కుంటే దొరక్కపోతుందా?" అని విసుక్కున్నాడు త్రినాథ్.

పుల్లయ్య మాస్టారికి వాదించే అలవాటు లేదు. ప్రశ్న వేసినవాడికి ఏదో ఒక పని పురమాయించి తమాషా చూసే మనిషి. తెనాలి నాటక సమాజాల చరిత్ర రాస్తున్నారాయన. శిష్యుడు త్రినాథ్ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. నటుడి పేరు మీద నొక్కితే సమాజంవారి పాత ప్రత్యేక సంచిక పీడీఎఫ్ తెరుచుకునేలా లింకులు పెట్టాడు. తీరా చూస్తే ఎవరి పేరు నొక్కినా ఆ సంచిక అట్టబొమ్మే వచ్చి నిలబడుతోంది. అదీ మాస్టారి పేచీ.

"సాయంత్రం దమయంతమ్మగారు వస్తారు. ఆవిడకి చూపించు," అన్నారు మాస్టారు, అంతే.

దమయంతమ్మ ఆదిశేషయ్యగారి భార్య. ఒకప్పుడు ఆయన రాణి వేషం కట్టి స్టేజీ ఎక్కితే జనం ఈలలు మాని ఊపిరి బిగబట్టేవారట. ఆయన పోయాక, ఇంట్లోకి కాలవ నీళ్ళొచ్చిన ఏడు, ఫోటోలన్నీ నాని పాడైపోయాయి. ఇప్పుడేమో ఆవిడ కళ్ళలో నీటికాసులు. ఉన్న చూపు పోయేలోగా ఆ సంచికలో అచ్చయిన బొమ్మలోనైనా ఆయన్ని ఒక్కసారి చూసుకోవాలని వచ్చింది పాపం.

త్రినాథ్ లింకు నొక్కి మౌస్ ఆవిడ చేతికిచ్చాడు. అట్ట వచ్చింది. దాని వెనక ఆశీస్సులు, దాతల బొమ్మలు, నశ్యం డబ్బాల ప్రకటనలు. ఆవిడ తెరకి ముక్కు ఆనించి ఒక్కో పేజీ జరుపుతూ పోయింది. కళ్ళు ధారలు కట్టాయి. "అసలు ఆయన ఇందులో ఉన్నారంటావా నాయనా?" అంది చివరికి.

త్రినాథ్‌కి ఇంత చిన్న పనికి బద్ధకించానే అని తన మీద తనకే ఒళ్ళు మండింది. గబగబా విషయసూచిక చూసి, అందులో ఉన్న పేజీ సంఖ్యని లింకు చివర తగిలించి మళ్ళీ నొక్కాడు. తెర నిండా బుర్రమీసాల షావుకారొకాయన ప్రత్యక్షమయ్యాడు.

"అయ్యో రామ! ఈయన మా ఆయన కాదు నాయనా!"

మాస్టారు పడీపడీ నవ్వారు. "ముందున్నవాళ్ళని మర్చిపోయావురా. అట్టకీ, ఆశీస్సులకీ, దాతలకీ అచ్చులో అంకెలు వేయలేదు. నీ కంప్యూటరు మాత్రం అందర్నీ లెక్కేసుకుంటుంది."

ఈసారి త్రినాథ్ తనే ఆదిశేషయ్యగారి పేజీ దాకా వెళ్ళి, కంప్యూటరు లెక్కలో అది ఎన్నోదో చూసి లింకు సరిచేశాడు. "ఇప్పుడు మీరే నొక్కండమ్మా," అన్నాడు.

నొక్కింది. రాణి వేషంలో ఆదిశేషయ్యగారు, కాస్త తల వాల్చి, భుజం చుట్టూ కొంగు కప్పుకుని ఉన్నారు.

ఆవిడ వేలు తీసుకెళ్ళి ఆ భుజం మీద పెట్టింది.

"ఈ చీర నాదే. నా పెళ్ళి చీర. వేషానికని పట్టుకెళ్ళి చింపుకొచ్చారు మహానుభావుడు! ఇదిగో, ఇది నేను వేసిన కుట్టే. ఎన్నాళ్ళు మాట్లాడలేదో ఆయనతో!" అని నవ్వబోయి ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే బొమ్మ వైపు వంగి, "నా కోపం ఎప్పుడో పోయిందండీ," అంది.

మిగతా లింకులు కూడా రేపే సరిచేస్తానని చెప్పబోయాడు త్రినాథ్. మాస్టారు చెయ్యెత్తి వారించి, చప్పుడు కాకుండా కుర్చీలోంచి లేచారు.

"ఆవిణ్ణి ఆయన గుమ్మం దాకా తీసుకొచ్చావు. ఇక పద, మనం బయట కూర్చుందాం."